గడిలో పట్టని ఇంటిపేరు

కోల్‌కతా రేవుకు దగ్గర్లో ఉన్న ఏక్‌బాల్‌పూర్‌కు ఒక్క పేరని లేదు. బెంగాలీలో ఏక్‌బాల్‌పూర్, అక్కడి ఉర్దూ వాళ్ల నోట ఇక్బాల్‌పూర్, ఇంగ్లీషు కాగితాల్లో ఒకచోట ‘పూర్’, ఇంకోచోట ‘పోర్’. పక్కనున్న ఖిదిర్‌పూర్‌ను దొరలు కిడ్డర్‌పోర్ చేశారు. ఇంకాస్త అవతలి మటియా బుర్జ్ మెటియాబ్రూజ్‌గా స్థిరపడింది. అసలు నగరమే 2001 జనవరి 1న కలకత్తా పేరు వదిలేసి కోల్‌కతా అయింది. ఊరికి నాలుగు పేర్లున్నా ఎవరికీ ఇబ్బంది లేదు. ఉత్తరం చేరుతుంది, ట్యాక్సీ వెళ్తుంది. మనిషి పేరులో ఒక్క అక్షరం తేడా వస్తే మాత్రం కౌంటర్లో గుమస్తా తలెత్తి అనుమానంగా చూస్తాడు, ఇంట్లో పెద్దాయన నొచ్చుకుంటాడు. పరాయి దేశం వెళ్లిన కుటుంబాలు పేర్లు మార్చుకోవడం గురించి మన తెలుగువాళ్లు చేసే వాదనలన్నీ ఈ నొచ్చుకోవడం చుట్టూనే తిరుగుతాయి. పేరుతోపాటు వంశమే పోయిందని బాధపడేవాళ్లు కొందరు, బతకడానికి వెళ్లినచోట పేరుదేముందిలే అని తీసిపారేసేవాళ్లు కొందరు. పేరు అసలు ఎక్కడ, ఎవరి చేతిలో, ఏ కాగితం మీద మారుతుందో ఆరా తీస్తే ఇద్దరి మాటా గురి తప్పిందనే అనిపిస్తుంది. ఆ ఆరా మొదలుపెట్టడానికి ఏక్‌బాల్‌పూర్ పరిసరాల కంటే తగిన చోటు లేదు. ఎందుకంటే లక్షలమంది భారతీయుల పేర్లు సముద్రం మీదికి బయల్దేరింది ఆ పక్కనున్న హుగ్లీ ఒడ్డునుంచే.

ముందుగా అందరూ నమ్మే ఒక కథను పక్కకు జరపాలి. వలసదారు ఓడ దిగుతాడు, రేవులో తెల్ల గుమస్తాకు అతని పేరు నోరు తిరగదు, తోచిన పేరేదో రాసేస్తాడు, ఆనాటితో పాత మనిషి మాయం. ‘గాడ్‌ఫాదర్’ రెండో భాగం (1974) చూసినవాళ్లకు ఈ దృశ్యం కళ్లకు కట్టినట్టుంటుంది: కోర్లియోనే ఊరినుంచి వచ్చిన కుర్రవాడు వీటో అండోలినీ న్యూయార్క్ ఎల్లిస్ ఐలాండ్‌లో వీటో కోర్లియోనే అయిపోతాడు. సినిమాకు బాగుంది కానీ చరిత్రకారులు ఒప్పుకోరు. ఎల్లిస్ ఐలాండ్‌లోని అధికారులు కొత్తగా పేర్లు రాసుకునేవారు కాదు. ఓడ బయల్దేరిన రేవులో కంపెనీవాళ్లు తయారుచేసిన ప్రయాణికుల జాబితా వాళ్ల చేతిలో ఉండేది. దాన్ని చూసి, దుబాసీల సాయంతో ప్రశ్నలడిగి, సరిచూసుకునేవారు. పేర్లు మారింది ఆ తర్వాత: దుకాణం బోర్డు మీద, బడి రిజిస్టరులో, పౌరసత్వం దరఖాస్తులో, చాలావరకు ఎవరి పేరు వాళ్లే మార్చుకోగా. ఎల్లిస్ ఐలాండ్ తెరిచింది 1892లో. ఖిదిర్‌పూర్ డాక్ తెరిచిందీ ఆ ఏడాదే. ఇది కాకతాళీయమే, కానీ రెండు రేవులనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి అర్థమవుతుంది. పేరు దెబ్బతినేది దిగిన ఒడ్డున అనుకుంటాం. మొదటి దెబ్బ ఎక్కిన ఒడ్డునే తగులుతుంది.

1834లో ‘అట్లాస్’ ఓడ కలకత్తానుంచి మారిషస్‌కు ఒప్పంద కూలీలను తీసుకుపోయింది. 1838లో బ్రిటిష్ గయానా, 1845లో ట్రినిడాడ్, 1873లో సురినామ్, 1879లో ఫిజీ వంతు వచ్చింది. బీహార్, అవధ్ పల్లెల్లో దళారి పట్టిన మనిషిని మొదట జిల్లాలోనే అధికారి ముందు నమోదు చేసేవారు. తర్వాత కలకత్తా డిపోలో వైద్య పరీక్ష, ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రాంట్స్ అనే అధికారి తనిఖీ, చివరికి చేతికి ఒక పాసు. భోజ్‌పురీ నోట వచ్చిన పేరు గుమస్తా చెవినపడి, అక్కడినుంచి ఇంగ్లీషు అక్షరాల్లోకి దిగి, అవతలి తీరంలో డచ్చివాడో ఫ్రెంచివాడో చదివేసరికి మూడు గట్లు దాటేది. ప్రసాద్ పర్సాద్ అయ్యింది ఈ దారిలోనే. కానీ అక్షరాలు వంకర్లు పోవడం ఇందులో చిన్న సంగతి. అసలు మార్పు గడుల్లో ఉంది. ఆ పాసులో మనిషికి ఉన్నది ఒక్క పేరు. తండ్రి పేరుకు వేరే గడి, కులానికొకటి, జిల్లా, ఠాణా, ఊరికి తలా ఒకటి. తోటలో పని చేసేటప్పుడు ఆ ఒక్క పేరైనా అవసరం లేదు, నంబరు చాలు. బిడ్డ పుట్టి పేరు రాయించాల్సి వచ్చినప్పుడు మాత్రం పరాయి దేశపు రిజిస్టరు ‘ఇంటిపేరు?’ అని అడిగింది. ఇంట్లో అలాంటిదేదీ లేదు కాబట్టి తండ్రి పేరు అందులో కూర్చుంది. అలా ఒక మనిషి సొంత పేరు తరతరాల వంశనామమైంది. దీన్ని ఎవరూ దొంగిలించలేదు, ఎవరూ ఇష్టపడి ఇచ్చుకోనూ లేదు. గడి ఖాళీగా ఉండకూడదు కాబట్టి నింపారు.

మన తెలుగువాళ్ల విషయంలో ఇది ఇంకా స్పష్టంగా కనబడుతుంది, ఎందుకంటే మనకు ఇంటిపేరు ఉంది. భోజ్‌పురీ కూలీకి లేనిది ఉత్తరాంధ్ర కూలీకి ఉంది. అయినా అది ఓడెక్కలేదు. 1860 నుంచి 1911 వరకు దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు సుమారు 1,52,000 మంది వెళ్లారు. మూడింట రెండొంతులు మద్రాసు రేవునుంచి, మిగతావాళ్లు కలకత్తానుంచి. మద్రాసు ఓడల్లో తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. ఆ ఓడల జాబితాల్లో పేరు ఉంది, తండ్రి పేరు ఉంది, కులం ఉంది, తాలూకా ఉంది, ఊరు ఉంది, ఒంటిమీది పుట్టుమచ్చ కూడా ఉంది. ఇంటిపేరుకు గడి లేదు. అడిగినవి నిలిచాయి, అడగనిది పోయింది. కులం అడిగారు కాబట్టి నాయుడు ‘నాయిడూ’గా మారి ఇవాళ డర్బన్ టెలిఫోన్ పుస్తకం నిండా ఉంది. తండ్రి పేరు అడిగారు కాబట్టి అప్పలస్వామి ‘అప్పల్‌సామి’ అనే వంశనామమయ్యాడు. సింహాచలం అప్పన్నకు మొక్కి పెట్టుకున్న పేరు హిందూమహాసముద్రం అవతల ఇంటి గుమ్మం మీద పలకయింది. కొండమీది దేవుడు కూడా ఇంతదూరం వస్తాడనుకుని ఉండడు. మారిషస్‌లో పుట్టి ఫ్రెంచిలో రాసే నవలాకారిణి నతాషా అప్పనా పేరులో మన ఊళ్ల అప్పన్నను గుర్తుపట్టడానికి భాషాశాస్త్రం చదవక్కర్లేదు. ఆమె పూర్వికులు 1872లో తెలుగు నేలనుంచి మారిషస్ చేరి, నంబర్లు వేయించుకున్న కూలీలు. 2023లో వచ్చిన తన పుస్తకంలో ఆమె వాళ్లను వెతుక్కున్నది ఆ పాత కాగితాల ఆధారంతోనే.

పేర్లు పెట్టే పని అంతా దొరల చేతిలోనే ఉందనుకుంటే అదీ పొరపాటే. వెళ్లినవాళ్లు కూడా కసితీరా పేర్లు మార్చారు. అగ్రిమెంటును ‘గిర్మిట్’ చేసి తాము గిర్మిటియాలయ్యారు. మారిషస్‌ను మిరిచ్ దేశ్ అన్నారు, సురినామ్‌ను శ్రీరామ్ దేశ్ చేసేశారు, చెరకు తోటల ట్రినిడాడ్ చీనీదాద్ అయింది. రేవుల పేర్లు మనుషులకు అంటుకున్నాయి: కలకత్తా ఓడల్లో వచ్చినవాళ్లు కల్కతియాలు, మద్రాసునుంచి వస్తే మదరాసీలు. గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగినైతే 1839 ఉప్పెన ఊడ్చేసింది. మారిషస్‌లో, బర్మాలో తెలుగువాళ్లకు మాత్రం కోరంగీలనే పేరు మిగిలింది, బర్మాలో అది తిట్టుగా కూడా పనికొచ్చింది. పేరు మారడాన్ని ఒకవైపునుంచి జరిగిన దాడిగా మాత్రమే చెప్పేవాళ్లు ఈ రెండో సగాన్ని వదిలేస్తారు.

ఇప్పుడు అసలు మాట. గిర్మిట్ కాగితం క్రూరమైన కాగితమే. మనిషిని సరుకుగా లెక్కకట్టడానికి పుట్టింది. కానీ సరుకు తప్పిపోకూడదన్న జాగ్రత్తతో అది ఊరు, ఠాణా, జిల్లా రాసిపెట్టింది. ఆ మూడు గడులవల్లే నూరేళ్ల తర్వాత మునిమనవలకు దారి దొరికింది. 2012లో ట్రినిడాడ్ ప్రధాని హోదాలో కమలా పర్సాద్-బిసేసర్ బీహార్‌లోని బక్సర్ జిల్లా భేలూపూర్‌కు వెళ్లగలిగారు. అక్కడినుంచి వెళ్లిన ఆమె పూర్వికుడి పేరు రామ్‌లఖన్ మిశ్రా. ఆమె పేరులో ‘మిశ్రా’ లేదు, ఊరు మాత్రం దొరికింది. 1903లో సుజారియా అనే స్త్రీ, కడుపుతో, ఒంటరిగా ‘క్లైడ్’ ఓడలో కలకత్తానుంచి గయానా వెళ్లింది. ఆమె మునిమనవరాలు, పాత్రికేయురాలు గాయత్రా బహదూర్ ఆ జాడను పట్టుకుని ఒక పెద్ద పుస్తకమే రాసింది. మగతోడు లేని ఆడదాని కథ కుటుంబాల నోళ్లలో నిలవదు, దాచేస్తారు. రిజిస్టరు దాచలేదు. ఫిజీ, గయానా, సురినామ్, ట్రినిడాడ్‌లలోని ఈ రికార్డులను 2011లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. మారిషస్‌లో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ అలాంటివాటినే ఫొటోలతో సహా భద్రపరిచింది. పేరు చెడినా దారి చెడలేదు. వలసకుటుంబం పేరు మార్చుకోవడంలో తప్పుపట్టాల్సిందేమీ లేదని, పాత పేరుకు వెనక్కి నడిచే దారి మిగలకపోతేనే నష్టమని నేననేది ఇందుకే.

మరి ఇవాళ్టి కాగితాలు ఆ దారిని ఎంత మిగులుస్తున్నాయి? మన పాస్‌పోర్టులో పేరుకు రెండే గడులు, సర్‌నేమ్ ఒకటి, గివెన్‌నేమ్ ఒకటి. తెలుగు పేరు నాలుగైదు ముక్కల రైలు. ఇంటిపేరు ఇంజనులా ముందుంటుంది, పెట్టెలు వెనకొస్తాయి. రెండు గడుల్లోకి తొయ్యాలంటే ఇంజను విప్పి వెనక్కి తగిలించాలి. నాదెళ్ల సత్యనారాయణ సత్య నాదెళ్ల అయ్యింది అలాగే, దానివల్ల పెద్ద నష్టమేమీ లేదు, ఇంటిపేరు నిలిచింది. ఆ గడిలో ఇంటిపేరు రాయని ఇళ్లలోనే చిక్కు. సర్‌నేమ్ ఖాళీగా ఉన్న పాస్‌పోర్టుకు అమెరికా వీసా వేసేటప్పుడు ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, సొంత పేరు చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’, అంటే పేరు తెలియదు అని పడుతుంది. తల్లిదండ్రులు ముహూర్తం చూసి పెట్టిన పేరు అక్కడ తెలియని పేరైపోతుంది. 2022 నవంబరులో యూఏఈ, పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉన్న సందర్శకులను రానివ్వబోమని ప్రకటించింది. ఈ దెబ్బలన్నీ తప్పించుకోవడానికి తండ్రి పేరో, పేరు చివరి ‘రావు’ అనే గౌరవమో, కులం తోకో ఆ గడిలో పడేస్తున్నారు. కోల్‌కతాలోని గార్డెన్ రీచ్‌లో రైల్వే ఆఫీసులు వచ్చిన కాలంనుంచి బెంగాల్లో స్థిరపడిన తెలుగువాళ్లలో ఎందరో ‘రావు’ గార్లు ఉన్నారు. ఒకరికొకరు ఏమీ కానివాళ్లంతా కాగితం మీద ఒకే ఇంటివాళ్లు. నటాల్ ఓడ జాబితా చేసిందీ ఇదే. తేడా ఒక్కటి: ఆ జాబితా ఊరిపేరు రాసుకుంది. విమానం టికెట్టు రాసుకోదు.

పేరు మార్చుకోవడం తప్పు కాదన్న నా మాటకు మొదట వచ్చే అభ్యంతరం మన ఇళ్లలోంచే. పేరు మార్చుకోవడమంటే మూలాన్ని వదులుకోవడం కాదా అంటారు. జవాబు చెప్పడానికి ఏక్‌బాల్‌పూర్ పొరుగునే ఒకాయన ఉన్నాడు. ఖిదిర్‌పూర్‌లో పెరిగిన మధుసూదన దత్తు 1843లో క్రైస్తవం పుచ్చుకుని, తర్వాత మైకేల్ అయ్యాడు. మద్రాసు వెళ్లి ఎనిమిదేళ్లు ఇంగ్లీషు కవిగా బతకాలని చూశాడు. తిరిగొచ్చి 1861లో బెంగాలీకి ‘మేఘనాద వధ కావ్యం’ ఇచ్చాడు. బెంగాలీలు ఆయన్ను మైకేల్ అనే పిలుచుకుంటారు, ఎవరికీ ఎబ్బెట్టు లేదు. ఇక బతుకుతెరువు సంగతి. కెనడాలో ఆర్థికవేత్త ఫిలిప్ ఒరియోపోలస్ టొరంటోలో వేల దరఖాస్తులు పంపి చూశాడు. చదువు, అనుభవం ఒకేలా ఉన్నా ఇంగ్లీషు పేర్లకు భారతీయ, చైనా, పాకిస్తానీ పేర్లకంటే సుమారు 40 శాతం ఎక్కువగా ఇంటర్వ్యూ పిలుపులొచ్చాయి. అంత తేడా చూపించే సమాజంలో పిల్లవాడికి రెండక్షరాల పేరు పెట్టుకున్న తల్లిని పట్టుకుని సంస్కృతి పాఠం చెప్పడం మర్యాద కాదు. సిగ్గుపడాల్సింది దరఖాస్తు చదివినవాడు.

రెండో అభ్యంతరం బరువైనది. పాత పేరుకు దారి ఉంచమంటున్నారు సరే, ఆ దారి కులం గుమ్మం ముందుకే తీసుకుపోతే? దాటితే కులం పోతుందనే కాలాపానీ సముద్రం దాటినవాళ్లలో చాలామందికి ఆ సముద్రమే మొదటి స్వేచ్ఛ. ఓడలో పక్కపక్కన తిని, పక్కపక్కన పడుకున్నాక ‘జహాజీ భాయి’ అనే చుట్టరికం పుట్టింది. అవతల దిగి కొత్త పేరు చెప్పుకున్నవాళ్లూ, పెద్ద కులపు తోక తగిలించుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లు మోసం చేశారని నేననను; ఆ మోసం అవసరమయ్యేలా చేసింది ఎవరన్నదే ప్రశ్న. తమిళనాడులో 1929 చెంగల్పట్టు ఆత్మగౌరవ మహాసభ కులం తోకలు వదిలేయమంది. వదిలేసి ఇనిషియల్‌తో సరిపెట్టుకున్నవాళ్ల మనవలే ఇవాళ ఒక్క పేరు పాస్‌పోర్టుతో విమానాశ్రయంలో ఇరుక్కుంటున్నారు. కులం వదిలినందుకు ఫారం వేసిన జరిమానా ఇది. మన తెలుగు ఇంటిపేరు అయితే కులాన్ని సగం చెప్పేస్తుంది. మిగతా సగానికి అడిగేవాడికి ఊరి పేరు చెబితే చాలు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించాల్సి వచ్చిందంటే ఈ ఆరా పసిఫిక్ తీరం దాకా వెళ్లిందనే అర్థం. కాబట్టి దారి ఉండాలి, తలుపు తాళంచెవి మాత్రం పేరు సొంతదారు చేతిలో ఉండాలి. పాత పేరును కార్డు మీద అచ్చువేసి ఊరందరికీ చూపించక్కర్లేదు. నమోదులో భద్రంగా ఉండి, ఆ మనిషి అడిగినప్పుడు, ఆ తర్వాత అతని వారసులు అడిగినప్పుడు బయటికి రావాలి. గిర్మిట్ పాసులో కులం గడి ఎందుకూ పనికిరానిది, ఊరి గడి పనికొచ్చింది. రెండూ కలిపే మోయాలని ఎవరూ మనల్ని నిర్బంధించడం లేదు.

మూడోది సర్కారు చెప్పే అభ్యంతరం: మనిషికి ఒకే పేరు, ఒకే స్పెల్లింగు ఉండకపోతే దొంగల్ని ఎలా పట్టేది? ఇది వినడానికి నిజంలా ఉంటుంది, ఆచరణలో అలా ఉండదు. 2025 నవంబరులో పశ్చిమ బెంగాల్‌లో మొదలైన ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ 2002 నాటి జాబితాను కొలబద్దగా పెట్టుకుంది. ఏక్‌బాల్‌పూర్‌లాంటి చోట దాని అర్థమేమిటో ఆలోచించండి. ఉర్దూ పేరు బెంగాలీ లిపిలోకి, అక్కడినుంచి ఇంగ్లీషులోకి వెళ్తుంది. మొహమ్మద్ ఒకచోట పూర్తిగా, ఒకచోట ‘ఎండీ’గా ఉంటాడు. షేక్ ‘ఎస్‌కే’ అవుతాడు. పెళ్లికి ముందు ఖాతూన్ పెళ్లయ్యాక బీబీ అవుతుంది. ఇందులో ఏ ఒక్కటీ మోసం కాదు, లిపి మారినప్పుడల్లా జరిగేదే. కానీ ఇరవై మూడేళ్ల కిందటి అక్షరంతో ఇవాళ్టి అక్షరం కలవకపోతే రుజువు తెచ్చుకోవాల్సింది మనిషే. దొంగ తన కాగితాలన్నీ ఒకే స్పెల్లింగుతో చేయించుకుంటాడు, వాడికి ఆ శ్రద్ధ ఉంటుంది. తడబడేది నిజమైన మనుషుల కాగితాలే. పేరు మారిన ప్రతిసారీ పాతదీ కొత్తదీ ఒకే చోట ముడివేసి ఉంచితే గుర్తింపు గట్టిపడుతుందే తప్ప వదులు కాదు.

ఇదంతా సాధ్యమేనా అంటే, ఇప్పటికే ఉన్న నియమాల్లోనే చోటుంది. పాస్‌పోర్టులకు ప్రపంచ ప్రమాణం పెట్టే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ తన పత్రంలో ఇంటిపేరు, సొంతపేరు అనే మాటలమీద పట్టుబట్టలేదు. ప్రధాన గుర్తింపు, ద్వితీయ గుర్తింపు అంటుంది; విడదీయరాని పేరైతే మొత్తం మొదటిదాంట్లోనే రాయనిస్తుంది. మలేషియా తన పాస్‌పోర్టులో పేరుకు ఒకే గడి పెట్టుకుని దశాబ్దాలుగా నెట్టుకొస్తోంది. మన దగ్గర పాస్‌పోర్టు చివరి పేజీలో తల్లిదండ్రుల పేర్లు, చిరునామా అచ్చువేసే పద్ధతిని తీసేస్తామని 2018 జనవరిలో విదేశాంగశాఖ ప్రకటించి, గోల రేగాక ఆ నెలలోనే వెనక్కి తగ్గింది. తీసేయాలనడానికి ఒంటరి తల్లుల, దత్తపిల్లల ఇబ్బంది కారణంగా చెప్పారు, అది న్యాయమైన ఇబ్బందే. అయితే దానికి పరిష్కారం అచ్చులో కనబడకుండా చేయడం వరకే. రికార్డులోంచి చెరిపేయడం దాకా వెళ్లకూడదు.

హుగ్లీ ఒడ్డున ఖిదిర్‌పూర్ రేవులో 2011లో ఒప్పంద కూలీల జ్ఞాపకంగా ఒక ఫలకం పెట్టారు. 2015లో సురినామ్ ఘాట్ దగ్గర మూటలు మోసుకుని నిలబడ్డ ‘మాయీ-బాప్’ విగ్రహాలను అప్పటి విదేశాంగమంత్రి సుష్మా స్వరాజ్ ఆవిష్కరించారు. విగ్రహాలు బాగానే ఉన్నాయి. ఇంతకంటే చవకగా చేయగలిగిన పని ఒకటి ఆ రాష్ట్రంలోనే మిగిలి ఉంది. ఖరగ్‌పూర్ ప్రాంతంలో తెలుగువాళ్లు ఎక్కువున్నందున 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికారభాష హోదా ఇవ్వాలని తీర్మానించింది. ఆ హోదా అమలయ్యేచోట దరఖాస్తు ఫారాలు తెలుగులోనూ కావాలి. బెంగాలీ ఫారాన్ని తెచ్చి గడికి గడి తర్జుమా చేస్తే మళ్లీ పాత కథే. ఇంటిపేరు ముందు, పేరు తర్వాత, ఇతర కాగితాల్లో ఉన్న రూపం ఆ కింద, స్వగ్రామం దాని కింద: నాలుగు గడులు, ఒక్క పేజీ. ఖరగ్‌పూర్ తెలుగు సంఘాలు ఆ ఫారం అచ్చుకు వెళ్లకముందే వెళ్లి అడగాలి.